పడకగదిలో గోంగూర

మంగతాయారూ,

మొదట్లో మన చేతిలో ఉన్నవి ఇరవై గోంగూర గింజలు, మొక్కలకు ఎండ బదులు పెట్టే ఒక ఊదారంగు దీపం, ఖాళీ పడకగది. పదకొండు మొలిచాయి.

ఎదురింటి లిమ్ ఆంటీ ఆ అయిదు వేళ్ల ఆకు చూసి, "అంకుల్, దిస్ వన్ గంజా ఆ?" అని అడిగింది. ఆమె పోలీసులకు చెప్పకముందే లోపలికి పిలిచి అన్నీ చూపించు. తలుపు మూస్తే అనుమానం పెరుగుతుంది. ముందు నువ్వొక ఆకు నమిలి, తర్వాత ఆమెకివ్వు. గంజాయికి ఇంత పులుపు ఉండదు.

నిన్న భయపడి రెండు మొక్కలు పీకేశావు. నన్నొక్క మాట అడగాల్సింది.

ఊరి ఉత్తరాన వుడ్‌ల్యాండ్స్ పేటలో పని చూసుకుని సాయంత్రం వస్తాను.

పీకిన ఆకు ఫ్రిజ్‌లో ఉంది, పప్పులో వెయ్యి. ఆంటీకీ ఒక గిన్నె ఇవ్వు. అప్పుడు మనకు మిగిలేది తొమ్మిది మొక్కలు, ఒక పూట పప్పు, ఎదురింట్లో నోరు పులిసిన ఒక సాక్షి.