భరద్వాజ్‌కు చెప్పాల్సింది

హౌగాంగ్, సింగపూర్

తమ్ముడు శ్రీనాథ్‌కు,

ఇంగ్లండ్‌లో నీ ప్రాజెక్టు ఉన్న ఊరికి దగ్గర్లోనే మావాడు భరద్వాజ్ ఉంటున్నాడు. ఈ ఆదివారం వెళ్లి చూసిరా. నా ఫోన్ ఎత్తడం లేదు.

మోకాలికి రెండో ఆపరేషన్ అయ్యాక క్లబ్బు వాడిని వదిలేసింది. అది నాలుగో డివిజన్ ఫుట్‌బాల్ క్లబ్బు. వీడు మిడ్‌ఫీల్డర్. బంతి లాక్కుని ముందున్నవాడికి అందించడమే పని. గోల్ కొట్టినవాడి పేరే పేపర్లో పడుతుంది. వీడి పేరు పడింది ఒక్కసారే, స్ట్రెచర్ మీద బయటికి మోసుకొచ్చినప్పుడు. ఇప్పుడేదో గోడౌన్‌లో పెట్టెలు సర్దుతున్నాడట.

ఇంటికి రావచ్చు కదా అంటావు. ఐటీ ఊపు మీదున్న రోజుల్లో ఇక్కడే స్థిరపడదామని అందరికీ పీఆర్, అంటే శాశ్వత నివాస హక్కు, తీసుకున్నాను. అలా తీసుకున్న మగపిల్లలు పద్దెనిమిదేళ్లకు రెండేళ్లు సైన్యంలో చేయాలి. ఆట కోసం అప్పటికే ఇంగ్లండ్ వెళ్లిన వీడు, ఆ రెండేళ్లు పోతే ఆటే పోతుందని తిరిగి రాలేదు. ఇప్పుడు దిగితే ఎయిర్‌పోర్టులోనే పట్టుకుంటారు. జైలు తప్పకపోవచ్చని లాయరు అన్నాడు.

మీ వదినకు మాత్రం సీజన్ మధ్యలో రాలేడని చెబుతూ వచ్చాను. నిన్న ఉన్నదంతా చెప్పేశాను. ఏడుస్తుందనుకున్నాను. కుక్కర్ దించి, "ఆ జైలు ఎక్కడండీ?" అని అడిగింది. చాంగీలో అన్నాను.

"అయితే ఇక్కణ్ణుంచి బస్సుంటుంది కదండీ. రమ్మనండి," అంది.

వాడికి ఆ మాటే చెప్పు.

మీ అన్నయ్య