గడప దాటేముందు మాట

ఏమండీ,
నేను, అత్తయ్య ఇద్దరం కులాసా. మామయ్యగారు ఇక్కడ కొన్న ఇల్లు ఇవాళ అమ్మేశాం. మనం పరాయి దేశస్థులం కాబట్టి, పన్ను తేలేదాకా కొంత సొమ్ము లాయరు దగ్గరే ఉంటుందట, కంగారు పడకండి.

అత్తయ్యని చూసి నేర్చుకోవాలండీ. వంటింటి బల్ల మీద సంతకం పెట్టి, గోడ నిమురుతూ ఇంటితో "వెళ్ళొస్తానమ్మా" అన్నారు. ఏమన్నారని కొనే ఆవిడ అడిగితే, మళ్ళీ వస్తానంటున్నారని ఉన్నదున్నట్టు చెప్పేశాను. లాయరు కలం మూత పెట్టేశాడు. తిరిగొచ్చే ఉద్దేశముంటే ఇప్పుడే తేల్చమన్నాడు. అత్తయ్య తొణకలేదు.

"ఇల్లు ఆవిడదే, మాట నాది. వెళ్తున్నానని ఎవరి గడపా దాటినదాన్ని కాదు, నా గడప అలా దాటుతానా? చెప్పు" అన్నారు.

చెప్పాను. కొనే ఆవిడ నవ్వి సంతకం పెట్టింది.

పెరటి కుళాయి బాగు చేయించారా? ఆదివారానికి వచ్చేస్తాం, పాలు ఎక్కువ పోయమనండి. పాపకి ముద్దులు.

కాగితం అంచున ఇరికిస్తున్నాను. మేం బయటికి రాగానే ఆవిడ గుమ్మంలో నిలబడి, కొత్తగా నేర్చుకున్న మాట అప్పజెప్పింది, "వెళ్ళొస్తాను" అని. అత్తయ్య సరిదిద్దలేదు. వీధిలో నిలబడి, ఇంట్లో ఉన్న ఆవిడతో, "మంచిదమ్మా, వెళ్ళిరా" అన్నారు.