సెలవులో ఉన్న ఫార్వర్డు

గంగన్నా,

నువ్వు చనిపోయి నేటికి ఏడాది. రూములో నీ మంచం పక్కన గోడకు బొమ్మ అంటించుకున్నావే, ఆ ఇంగ్లండు ఫుట్‌బాల్ ఫార్వర్డు ఇవాళ ఇక్కడ గల్ఫులో, రుసైల్‌లోని మన కంపెనీకి వచ్చాడు. ఆట మానేసి చాలా ఏళ్లయింది కదా, జుట్టు నెరిసింది. కొత్త గ్రౌండుకు రిబ్బను కత్తిరించి తన కథ చెప్పాడు. మోకాలు విరిగితే క్లబ్బువాళ్లు ఏడాది పాటు జీతమిస్తూ కాచుకున్నారట. పేరు తెచ్చిన గోల్స్ అన్నీ ఆ తర్వాత కొట్టినవేనట. అందరూ చప్పట్లు కొట్టారు.

"మన గంగన్న కాలుకు నెల గూడ ఆగకపోయిరి," అన్నాడు మన రూము నర్సయ్య నా చెవిలో.

నువ్వూ కంపెనీ చొక్కా వేసుకుని, కంపెనీకి కప్పు గెలిపిస్తూనే మోకాలు విరగ్గొట్టుకున్నావు. ఆటలో తగిలింది డ్యూటీ దెబ్బ కాదని వీసా రద్దు చేయించి నిన్ను ఇంటికి పంపేసింది ఈ మేనేజరే. ఆ కప్పునే ఇవాళ నాచేత తోమించి స్టేజీ మీద పెట్టించాడు.

ఫార్వర్డు దాన్ని చేతిలోకి తీసుకుని, ఫైనల్లో గోల్ కొట్టిందెవరని అడిగాడు.

"మా కుర్రాడే సార్. సెలవు మీద ఇంటికెళ్లాడు," అన్నాడు మేనేజరు.

నువ్వు పోయావని అతనికి చెప్పింది నేనే. అయినా ట్రే పట్టుకుని పక్కనే నిలబడ్డానే తప్ప నోరు తెరవలేదు. నాకూ వీసా ఉంది కదన్నా.

ఫార్వర్డు ఒక బంతి మీద సంతకం పెట్టి, అతనొచ్చాక ఇవ్వమన్నాడు.

బంతి ఇప్పుడు మేనేజరు గదిలో, గాజు బీరువాలో ఉంది. నువ్వొచ్చాక ఇస్తాడట.