చివరి పేజీ నుంచి కట్టిన కారు

హెసిల్,
జూన్ 11, 1972, ఆదివారం.

ప్రియమైన శ్రీవారికి,

సముద్రం మీద మీరూ మీ ఇంజన్లూ చల్లగా ఉండాలని కోరుకుంటూ బెరిల్ రాసేది. ఇక్కడ నేను, అత్తయ్య, మన కారు అందరం క్షేమం. మాలో ఎక్కువ చప్పుడు చేసేది ఎవరో మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఆవిడ మీ కన్నతల్లి.

డర్బన్‌లో మీరు పోస్టు చేసిన ఉత్తరం మంగళవారం అందింది. ఉత్తరమంతా కారు గురించే. నా గురించి అడిగింది ఒక్కటే ప్రశ్న: "ఫోటోలో నువ్వెందుకు లేవు?" నేను పంపిన కారు ఫోటో సంగతి కదా, దానికి జవాబు ఆఖర్న చెబుతాను. మీకో సంగతి చెప్పాలి, దానికి కాస్త ధైర్యం కూడగట్టుకోవాలి. గబుక్కున చివరి పేజీకి వెళ్ళిపోకండి. ఈ ఏడాది మన ఇంట్లో కాగితాలు తలకిందులుగా చదవడం అలవాటైపోయింది గానీ, ఈ ఉత్తరం మాత్రం వరసగా చదవండి.

ఆ కారు మీద మీకెంత ఆశో నాకు తెలుసు. ఎందుకు కొన్నారో కూడా తెలుసు. నిరుడు ఆకులు రాలే రోజుల్లో నేను రెండోసారి ఆస్పత్రి నుంచి ఒట్టి చేతులతో వచ్చాక, మీరు ఆ కార్ల కంపెనీ బొమ్మల పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. "ఇక మనిద్దరమే కదా బెరిల్, రెండు సీట్లు చాల్లే" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత బంగాళాదుంపలు చెక్కడానికి కూర్చుని ఎన్ని చెక్కానో నాకే తెలీదు. అత్తయ్య వచ్చి చేతిలో కత్తి లాక్కుంది.

సరే, మీ మొదటి ప్రశ్న. గేరుబాక్సు ఎలా పాడైందో పూర్తిగా రాయలేదని కోప్పడ్డారు. రాస్తే మీ అమ్మగారి పరువు పోతుందని ఆగాను. ఇప్పుడు ఆవిడే రాయమంది.

మీరు ఓడెక్కిన వారానికి కారు విడిభాగాల పెట్టెలు దిగాయి. ముక్కలుగా కొని మన చేతులతో మనమే బిగించుకుంటే పన్ను లేదు. బిగించే విధానం రాసి ఇస్తే మాత్రం పన్ను పడుతుందట. అందుకని కంపెనీవాళ్ళు కారు విప్పే విధానం అచ్చేసి పెట్టెలో పెట్టారు. "కింది నుంచి పైకి చదువుకో చెల్లెమ్మా, బిగించడం అదే వస్తుంది" అన్నాడు పక్కింటి నార్మన్ అన్నయ్య.

"ఏం దేశమే ఇది! సూటిగా చెబితే పన్నంట, వంకరగా చెబితే మాఫీ అంట" అంది అత్తయ్య.

నార్మన్ అన్నయ్య పాపం బస్సుల డిపోలో పని దిగగానే సరాసరి మన షెడ్డుకే వచ్చేవాడు. కూలి ఇస్తే అదీ రూలుకి విరుద్ధమే కాబట్టి మాంసం కూరి కాల్చే 'పై' రొట్టె చేసి పెట్టేదాన్ని. ఆయన నడుము కొలత పెరిగిందని వాళ్ళావిడ నన్ను తిడుతోంది. ఇక అత్తయ్య సంగతి మీరు చూసి తీరాల్సింది. యుద్ధంలో విమానం రెక్కలకి రివెట్లు కొట్టిన చెయ్యి అది. అల్యూమినియం రేకులు ముట్టుకోగానే ఆవిడకి ఇరవయ్యేళ్ళ వయసు తిరిగొచ్చింది. నేను లోపలి నుంచి ఇనుప దిమ్మ ఆనించి పట్టుకోవాలి, ఆవిడ బయటి నుంచి కొట్టాలి. "గట్టిగా పట్టుకోవే, అది రేకు, నీ మొగుడి బుగ్గ కాదు" అని వీధంతా వినిపించేలా అరిచేది.

విప్పే కాగితాల్లో ఆఖరి పేజీతో మొదలుపెట్టి ఒక్కొక్కటే వెనక్కి వచ్చాం. చివరికి మొదటి పేజీ మిగిలింది. అందులో గేరుబాక్సు నూనె, వెనక యాక్సిల్ నూనె వంపేయమని ఉంది. అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని చదివి, "కొత్త డబ్బాలో నూనె ఎక్కడేడ్చింది వంపడానికి! ఈ పేజీ మనది కాదు" అని దాన్ని ఉండచుట్టి పొయ్యి రాజెయ్యడానికి వాడేసింది. వంపమన్న చోట పోయాలని ఆవిడకీ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఇంజన్‌లో నూనె అయితే నార్మన్ అన్నయ్య పోశాడు. మిగతావి మేము పోసే ఉంటామనుకున్నాడు.

మార్చి నెలాఖరు ఆదివారం నార్మన్ అన్నయ్యా అత్తయ్యా కారుని పశువుల సంత మైదానానికి తోసుకెళ్ళారు. సంత లేని రోజు, నరపురుగు లేదు. నేను స్టీరింగు పట్టుకున్నాను. మొదట ఎంత హాయిగా పరిగెత్తిందో! ఆ తర్వాత కింద ఎక్కడో పంది కూసినట్టు మొదలైంది. నార్మన్ అన్నయ్య పరిగెత్తుకొచ్చాడు.

"ఆపు చెల్లెమ్మా, ఆపు! గేరుబాక్సులో నూనె పోశారా?"

"ఏ నూనె?" అంది అత్తయ్య.

ఆయన టోపీ తీసి నేల మీద కూర్చున్నాడు. వెనక యాక్సిల్ దక్కింది గానీ గేరుబాక్సు లోపలంతా నమిలేసినట్టయింది.

ఆ రాత్రి అత్తయ్య భోజనం ముట్టలేదు. తెల్లారి చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి పాత సామాన్ల యార్డు నుంచి వేరే గేరుబాక్సు తోసుకుంటూ వచ్చింది, అదీ మీరు చిన్నప్పుడు తిరిగిన పిల్లల బండిలో! అటక మీది నుంచి ఎప్పుడు దించిందో మరి. పైన దుప్పటి కూడా కప్పింది. చివరింటి డాఫ్నీ పసిబిడ్డనుకుని ఆశగా తొంగిచూసింది.

"ఎవరి పోలిక ఫ్లోరీ?"

"అచ్చం మా నెవిల్ పోలికే. ఒళ్ళంతా గ్రీసు" అంది మీ అమ్మ.

వీధి వీధంతా నవ్వింది. నేను మాత్రం ఆ బండి వంక చూడలేక లోపలికి వెళ్ళిపోయాను. ఎందుకో ముందుకి చదివితే తెలుస్తుంది.

రెండో ప్రశ్న, రిజిస్ట్రేషన్. ఏప్రిల్ చివర్లో లైసెన్సు ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు ఇంటికే వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, మర్యాదస్తుడిలా ఉన్నాడు. కారు చుట్టూ తిరిగి ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు రాసుకున్నాడు.

"కట్టింది ఎవరండీ?" అన్నాడు.

"నేనే" అన్నాను.

"అంటే, మీ వారు..."

"మా వాడు హిందూ మహాసముద్రంలో ఉన్నాడు నాయనా. నమ్మకం లేకపోతే వెళ్ళి అడిగి రా, మేం ఇక్కడే ఉంటాం" అంది అత్తయ్య.

ఆయన నవ్వు బిగపట్టుకుని రివెట్ల వరస మీద వేలు పోనిచ్చాడు. "ఇవెవరు కొట్టారు? ఇంత నేర్పుగా ఉన్నాయి!"

"నేనే. ముప్పై ఏళ్ళ కిందట ఇలాంటివే కొట్టి ఆకాశంలోకి పంపాం. ఒక్కటి ఊడొచ్చిందని ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు."

ఆయన ఒక్కసారి కూర్చుని చూడొచ్చా అని అడిగాడు. తలుపుల్లేని కారు కదా, ఆ పొడుగు కాళ్ళు లోపలికి మడవడానికి నానా తంటాలూ పడ్డాడు. బయటికి రావడానికి నార్మన్ అన్నయ్య చంకల కింద చేతులేసి లాగాల్సి వచ్చింది. పది రోజులకల్లా నంబరు వచ్చేసింది. తయారు చేసినవారు అన్న చోట నా పేరు రాశారు. మీరు అలగకూడదు, మీ పేరు యజమాని దగ్గర ఉంది.

మూడో ప్రశ్న, నువ్వు నడిపావా, ఎలా ఉంది అని. నడిపాను. నంబరు పలక బిగించిన మర్నాడు, పొద్దున్నే, ఒక్కదాన్నే కొండల వైపు వెళ్ళాను. ముళ్ళపొదల కంచెలన్నీ తెల్లగా పూసి ఉన్నాయి. నేలకి జానెడెత్తున కూర్చుంటాం కదా, గడ్డి వాసన నేరుగా మొహానికి తగులుతుంది. అంత తేలిక కారు మరొకటి లేదండీ. పొలం గేటు దగ్గర నిలబడ్డ గొర్రెల కాపరి చెయ్యి ఊపాడు. మీరు పక్కన లేకపోవడం ఆ రోజు బాగా తెలిసింది. అయితే ఎంత నెమ్మదిగా నడిపానంటే, ఎరువు బండి లాక్కెళ్ళే ట్రాక్టరు నన్ను దాటిపోయింది. డ్రైవరు వెనక్కి తిరిగి జాలిగా చూశాడు కూడా. గుంత వచ్చిన ప్రతిచోటా ఆగి, ఊపిరి బిగబట్టి, పాకించాను. ఆ రోజు తర్వాత మళ్ళీ ఎక్కలేదు. ఇప్పుడు ఎక్కుదామన్నా పట్టను. మీరు మీ కొలతకి బిగించమన్న సీటే, అయినా స్టీరింగుకీ నాకూ మధ్య మొదట్లో రెండు చేతులు పట్టే చోటుండేది. ఇప్పుడక్కడ చోటు లేదు.

అర్థమైందా? అందుకే ఫోటోలో గాగుల్స్ పెట్టుకుని మీ అమ్మ కూర్చుంది. నాకు ఆరో నెల వచ్చిందండీ.

ఇదీ నేను దాచిన మాట. లేచి నిలబడి ఉంటే కూర్చోండి. డాక్టరు అంతా సవ్యంగా ఉందంటున్నాడు. ఇంతకు ముందు రెండుసార్లూ మూడో నెల దాటలేదు, ఈసారి దాటింది. కారు బరువేదీ నేను ఎత్తలేదు, ఒట్టు. గేరుబాక్సు మార్చే రోజు జాకీ మీద చెయ్యి వెయ్యబోతే అత్తయ్య కేకేసింది.

"ఆగక్కడ! వదులు దాన్ని."

"ఎందుకత్తయ్యా?"

"ఎందుకో నీకూ తెలుసు, నాకూ తెలుసు. నలుగుర్ని కన్నదాన్ని, నా దగ్గరా నీ నాటకాలు? బేకన్ వేగుతుంటే పెరట్లోకి పరిగెత్తావు చూడు, అప్పుడే అనుకున్నాను." ఆ తర్వాత గొంతు తగ్గించి, "వాడికి రాశావా?" అంది.

"లేదు."

"రాయకు. ఆ టోపీ ఇంకా నా బీరువాలోనే ఉంది."

ఏ టోపీయో మీకు తెలుసు. మొదటిసారి శుభవార్త రాసిన నా ఉత్తరం వెనకే పోయిందన్న టెలిగ్రాం వచ్చింది, ఇంజన్ రూములో పొగచూరిన మొహాన్ని ఇంకాస్త నల్లగా చేసుకుని మీ పాటికి మీరు భరించారు. రెండోసారి టెలిగ్రాం మిమ్మల్ని అందుకోలేకపోయింది. గుప్పెడంత ఊలు టోపీ పట్టుకుని, గుమ్మంలో నవ్వుతూ నిలబడ్డారు. ఆ నవ్వుని నా నోటితో నేనే ఆర్పాను. ఆ పని మళ్ళీ చెయ్యలేననుకున్నాను. అందుకే మీ ప్రతి ఉత్తరానికీ నట్లూ బోల్టులూ జవాబు రాశాను.

అత్తయ్య ఇప్పటికీ రాయొద్దనే అంటోంది. బిడ్డ చేతికొచ్చాక ఒక్క టెలిగ్రాం కొడదామని ఆవిడ లెక్క. మొన్న గురువారం దాకా నేనూ సరేనన్నాను. ఆ రోజు నార్మన్ అన్నయ్య షెడ్డులో కారు స్టార్ట్ చేశాడు. నేను పక్క సీటు అంచు మీద ఊరికే చేరగిలబడి ఉన్నాను. ఇంజను గర్జించగానే లోపల బిడ్డ కదిలింది. గాలి కాదు, అజీర్ణం కాదు, నిజంగా తన్నింది. నేను మీతో చెబుదామని గబుక్కున పక్కకి తిరిగాను. అక్కడ నార్మన్ అన్నయ్య చెవి గోక్కుంటున్నాడు. ఏం చెప్పను? నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు మీది. మీకు చెందింది మీకివ్వకుండా నేనొక్కదాన్నే వాడేసుకుంటున్నానని అప్పుడు తెలిసింది.

కారు అమ్మేద్దామని మాత్రం రాయకండి, మీ బుద్ధి నాకు తెలుసు. బిడ్డకి కూర్చునే వయసొచ్చాక మీరిద్దరూ అందులో సముద్రం ఒడ్డుకి వెళ్ళండి. నేనూ అత్తయ్యా శాండ్‌విచ్‌ల బుట్ట పట్టుకుని బస్సులో వస్తాం. మీరు దారిలో ఎక్కడో బానెట్ ఎత్తి నిలబడతారు కాబట్టి మేమే ముందు చేరతాం. అత్తయ్య మాత్రం బస్సు కిటికీలోంచి మిమ్మల్ని చూసి చెయ్యి ఊపకుండా ఉండదు.

అంతా మంచే జరుగుతుందని నేను మాటివ్వలేను. డాక్టరూ ఇవ్వలేడు. అక్టోబరు మొదటి వారం అంటున్నారు. మీ ఓడ సెప్టెంబరు చివర వస్తుందన్నారు, ఇంజన్‌ని కాస్త బతిమాలి ముందే తీసుకురండి. పగలంతా అత్తయ్యతో పోట్లాడుతూ గడిచిపోతుంది. రాత్రి పడుకున్నాక కడుపు మీద చెయ్యేసుకుని, ఇంకా ఉన్నావా అని అడుగుతూ ఉంటాను. జవాబొచ్చేదాకా నిద్ర పట్టదు. మిమ్మల్ని ఈ భయం నుంచి తప్పించాననుకున్నాను గానీ, నిజానికి నేనే ఒంటరిదాన్నైపోయాను. ఇన్ని నెలలూ ఒక్కదాన్నే మోశానండీ. ఇక సగం మీరు పట్టండి.

ఇట్లు,
మీ జవాబు కోసం తపాలావాడి దారి చూసే
మీ ఇల్లాలు,
బెరిల్.