నీహారిక సంగతి

బందరు,
8-1-79

గుడివాడలో ఉన్న బావగారికి నమస్కరించి,

మీ చెల్లెలు నా నోటుపుస్తకం చదివి అలిగి మీ ఇంటికి వచ్చేసింది. "వీధిదీపం వెలగలేదు. డాబా మీద నుంచి నీహారికను తనివితీరా చూశాను" అని నేను రాసుకున్న మాట నిజమే. కానీ నీహారిక ఆడమనిషి కాదండీ. ఆకాశంలో, చుక్కల మధ్య, పలచటి మబ్బులాంటిది. టెలిస్కోపులో చూస్తాను. సముద్రపు తేమ పట్టినా, వెన్నెల కాసినా కనపడదు, చీకట్లోనే వస్తుంది.

ఈ మాటే చెబితే, "చీకట్లోనే ఎందుకొస్తుందో నాకు తెలుసులెండి!" అని పెట్టె సర్దుకుంది.

మీరే నచ్చజెప్పి పంపండి, కళ్లారా చూపిస్తాను. అయితే ఇప్పుడే వద్దు, పౌర్ణమి దగ్గరపడింది. అమావాస్యకు పంపండి. ఆ రోజు ఆడపిల్లను అత్తారింటికి పంపరని నాకూ తెలుసు. కానీ నీహారిక ఒప్పుకోదండీ.

ఇట్లు,
ఇప్పటికీ మీ బావ