గిడసదాని అమ్మమ్మ

ఆస్టినాబాద్.

చిరంజీవి సౌభాగ్యవతి గౌతమికి అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేనూ, మీ నాన్నా, నీ తమ్ముడు శ్రీనూ కులాసా. అక్కడ నువ్వూ, అల్లుడుగారూ, పసిపాపా కులాసా అని తలుస్తాను. మీ అత్తగారు ఎలాగూ కులాసాగానే ఉంటారు, పాప ఆవిడ ఒళ్ళోనే ఉంది కదా.

నువ్వు హిందీలో రాసిన ఉత్తరం శ్రీను చదివి వినిపించాడు. "అమ్మా, గిడస అంటే మత్లబ్ ఏటని దీదీ అడుగుతంది. అత్తయ్యగారు పాపని ఆ మాటే అంతన్నారంట" అన్నాడు. కోస్తున్న చేపని కత్తిపీట మీదే వదిలేశాను.

చెబుతాను విను. ఎంత ఎరువేసినా వంగమొక్క జానెడు దాటకపోతే గిడసబారిందంటాం. తోటివన్నీ పెట్టలైనా ఇంకా పిల్లలాగే తిరిగే కోడిని గిడసది అంటాం. ఎదగాల్సినంత ఎదగనిదని అర్థం. నెల తక్కువగా పుట్టిన పసిగుడ్డుని ఎవరైనా ఆ మాట అంటారా?

తొలి కాన్పు పుట్టింటి హక్కు. నిన్ను తెచ్చుకునేలోపే నొప్పులొచ్చాయి, నాకు ఈ దీవి నుంచి ఓడ టికెట్టు దొరకలేదు. నా హక్కు కాస్తా ఆవిడకి పోయింది. మొన్న వీడియోలో ఆవిడ కాళ్ళు చాపుకుని, పాపని బోర్లా వేసుకుని నూనె రాస్తుంటే చూశాను. పాప ఏడుపాపి నిద్రపోయింది. నెట్‌వర్క్ పోయిందని ఫోన్ పెట్టేశాను గానీ, నెట్‌వర్క్ బాగానే ఉంది. నాకే కడుపు మండిపోయింది.

నువ్వు తెలుగు మాట్లాడతావే గాని చదవలేవు. ఇది నీకు చదివి వినిపించేది మీ అత్తగారేనని తెలిసే రాస్తున్నాను. వదినగారూ, ఇక్కడ ఆపకండి, గట్టిగానే చదవండి. పైన గౌతమికి నేను ఆ మాటకి అర్థం సగమే చెప్పాను. దక్కుతుందో లేదోనని బెంగపెట్టుకున్న బిడ్డని ముద్దుగా ఉందని పైకి అనం, దిష్టి తగులుతుందని తక్కువ చేసే పిలుస్తాం. మా అమ్మ నన్ను గిడసదనే పిలిచింది. మీరూ అందుకే అంటున్నారని వినగానే తెలిసింది. తెలిసీ గౌతమికి మీ మీద కోపం రావాలని దాచాను. పాప కోసం భయపడాల్సింది నేను, ఆ భయం కూడా మీరే పడుతున్నారని కుళ్ళుకున్నాను.

టికెట్టు దొరికింది, వచ్చే ఓడకి బయలుదేరుతున్నాను. నేను వచ్చేసరికి పాప ఒళ్ళు చేసి, ఆ మాట పనికిరాకుండా పోతే అంతకంటే ఏం కావాలి. ఒక్క పూట మాత్రం నా కాళ్ళ మీద పడుకోబెట్టండి వదినగారూ. నేనూ అలా పిలుచుకుంటాను.

ఇట్లు,
గిడసదాని అమ్మమ్మ,
గవరమ్మ