ఇగ అంటే గేరు మార్చాలి

ప్రగతి నగర్,
2 మార్చి 1999.

ప్రియమైన అమ్మకు,

నీ ఏంజెల్ వందనాలతో రాస్తున్నది. ప్రభువు దయవల్ల మరియమ్మ అత్త, తమ్ముడు నతానియేల్, నేను ముగ్గురం ఆరోగ్యంగానే ఉన్నాం. మస్కట్‌లో నువ్వూ అలాగే ఉన్నావని, రాత్రి డ్యూటీలు తగ్గాక నడుము నొప్పి కూడా తగ్గిందని అనుకుంటున్నాను.

గురువారం అందిన నీ ఉత్తరంలో పదకొండు ప్రశ్నలున్నాయి. లెక్కపెట్టాను. వాటిలో ఎనిమిది కారు గురించి. మిగిలిన మూడూ చిన్నవి కనుక ముందు వాటికి జవాబు రాస్తాను. టానిక్ తాగుతున్నాను. ఆఫీసులో మాట్లాడుతున్నాను, ఇద్దరితో: పక్క సీటు కృష్ణప్రియతో, లిఫ్టు దగ్గర కూర్చునే నర్సింహతో. రోజంతా పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేసే ఉద్యోగానికి అంతకంటే మాటలు అక్కర్లేదు. ఇక నువ్వు పంపిన టేప్‌రికార్డర్ బాగా పనిచేస్తోంది. దానిలో కీర్తనలు వింటున్నానా అని అడిగావు. లేదు. ఎందుకు లేదో కింద రాస్తాను.

ఇక కారు. మన తెల్ల జెన్‌ను పందెంలో పెట్టారని జయమ్మ ఆంటీ చర్చిలో అత్తతో చెప్పింది. అది నతానియేల్ పనేనని అత్త ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తి నీకు ఫోన్‌లో చెప్పింది. నువ్వు సాక్ష్యం ఏమీ అడగకుండా వాడికి వీసా సంపాదించి, ఇరవయ్యో తేదీకి టికెట్ తీసి, నీలమ్మ ఆంటీ భర్త పనిచేసే వర్క్‌షాపులో చేర్పిస్తానని రాశావు. డిప్లొమా ఆఖరి పరీక్షలు ఏప్రిల్‌లో ఉన్నాయి. 'చదువు తర్వాత చూసుకోవచ్చు' అని నువ్వు రాసిన వాక్యాన్ని నేను మూడుసార్లు చదివాను. మా ఇద్దరినీ మార్కుల కోసం పన్నెండేళ్లు నిలబెట్టి అడిగిన మనిషి రాసిన వాక్యమేనా అని.

పందెం మాట నిజం. ఒప్పుకుంటున్నాను. కానీ జయమ్మ ఆంటీ చెప్పినట్టు అది తాగినవాళ్ల పందెం కాదు. వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

నిజాంపేటలో సాయిలు అని మెకానిక్ ఉన్నాడు. నలభై దాటిన మనిషి. మన కారు ఇంజన్ హెడ్ దింపి రుద్దించింది, కార్బురేటరు, సైలెన్సరు మార్చింది, ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే మీటరు బిగించింది ఆయనే. అదే నెలలో అదే పని వేణు అనే కుర్రవాడి నీలం జెన్‌కూ చేశాడు. అంటే రెండూ ఒకే బండి అనుకో, రంగు తప్ప. నాలుగు వందల మీటర్లు తిన్నగా పోతే ఏది ముందు చేరుతుందన్నదే పందెం. ఓడినవాళ్లు కారు తాళం ఇచ్చేయాలి. నెల గడువు.

ఒకేలాంటి రెండు బండ్లు పోటీపడితే తేడా ఎక్కడుంటుంది? గేరు ఎప్పుడు మారుస్తాం అన్న దగ్గరే. ఈ ఒక్క సంగతి మీద ఆ షెడ్డులో ప్రతి మగవాడికీ ఒక సిద్ధాంతం ఉంది, ఒక్కదానికీ ఆధారం లేదు. నతానియేల్, "చెవికి తెలుస్తదక్కా" అంటాడు. సాయిలు, "వాసన పట్టాలె" అంటాడు. వేణు ప్రతి గేరునూ మీటరు మీది ఎర్రగీత దాకా లాగాల్సిందే అంటాడు. "ఎంత గట్టిగ అరిస్తే అంత పికప్ ఉంటది, గంతే!" అని వాడి మాట. అరుపుకూ వేగానికీ ఏం సంబంధమో అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

లెక్క అంత కష్టమైనది కాదమ్మా. చిన్న గేరులో చక్రానికి అందే బలం ఎక్కువ. కానీ చుట్లు ఒక హద్దు దాటాక ఇంజన్‌కు ఊపిరి చాలక ఆ బలం తగ్గుతూ పోతుంది. తగ్గి తగ్గి, అదే వేగంలో పై గేరు ఎంత ఇవ్వగలదో అంతకు దిగే చోటు ఒకటుంటుంది. గేరు మార్చాల్సింది అక్కడ. ముందే మారిస్తే చేతిలో ఉన్నది వదులుకున్నట్టు. ఆలస్యం చేస్తే ఉత్త చప్పుడు. పైగా గేర్ల మధ్య దూరం ఒకేలా ఉండదు కనుక ఆ చోటు కూడా అన్ని గేర్లకూ ఒకటి కాదు.

ఆ చోటు పట్టుకోవడానికే నీ టేప్‌రికార్డర్. నతానియేల్ ఒకే గేరులో రేస్ ఇస్తూ పోతాడు, సాయిలు పక్కన కూర్చుని మీటరు చూసి అంకెలు చదువుతాడు, టేప్‌లో అవి పడతాయి. ఇంటికొచ్చి నేను స్టాప్‌వాచ్ పట్టుకుని వింటాను. ఒక వెయ్యి నుంచి ఇంకో వెయ్యికి ఎంత సేపు పట్టిందో తెలిస్తే ఇంజన్ ఎక్కడ గట్టిగా లాగుతోందో, ఎక్కడ అలసిపోతోందో తెలుస్తుంది. గ్రాఫు కాగితం మీద గీసుకున్నాను. మొదటి గేరు ఆరు వేల ఆరు వందల దగ్గర వదలాలి. రెండోది ఆరు వేల రెండు వందలు. మూడోది ఐదు వేల తొమ్మిది వందలు. ఇవే అంకెలు.

తర్వాత నాలుగు వందల మీటర్లు పరీక్షించారు, టేప్ ఆన్‌లోనే ఉంచి. పదకొండు సార్లు. పదకొండూ పదకొండు రకాలు. ఒకసారి బ్రహ్మాండంగా వస్తుంది, మరుసటిసారి ఆటో కూడా దాటిపోయేలా ఉంటుంది. నతానియేల్ నా లెక్క తప్పన్నాడు. సాయిలు నా వైపు జాలిగా చూశాడు. అదే భరించలేకపోయాను. రెండు వారాలు ఆఫీసు నుంచి రాగానే ఆ గ్రాఫులు మళ్లీ గీశాను. అత్త నాకు కంటి పరీక్ష చేయించాలంది.

చివరికి అంకెలు కాకుండా టేప్ మొత్తం విన్నాను. అప్పుడు తెలిసింది. రోడ్డు మీది నుంచి కళ్లు తీయకూడదు కనుక, మార్చాల్సిన చోటు రాగానే సాయిలు 'ఇగ' అనాలని, ఆ మాట వినగానే నతానియేల్ గేరు మార్చాలని వాళ్లిద్దరూ ఒప్పందం చేసుకున్నారు. నాకు చెప్పలేదు. టేప్‌లో సాయిలు గొంతు ఇలా ఉంది:

"ఇగ నాలుగు వేలు దాటింది తమ్మీ... ఇగ పోనీ, పోనీ... ఇగ గా బర్రెను సూడు, నడిమిట్ల నిలవడ్డది!"

బర్రె దగ్గర గేరు పడిన చప్పుడు. సరిగ్గా వినపడుతోంది. నాలుగు వందల మీటర్లలో మార్చాల్సింది మూడుసార్లు. ఆయన 'ఇగ' అన్నది తొమ్మిది సార్లు. మా తమ్ముడు వాటిలో ఏ మూడు దొరికితే ఆ మూడింటికి మార్చాడు.

మరునాడు షెడ్డుకు వెళ్లి చెప్పాను. "సాయిలన్నా, మీరు ఇగ అనడం మానాలి."

"ఇగ అననమ్మా."

"ఇప్పుడే అన్నారు."

"ఏమన్న? ఇగ నేనేమన్న?" అని ఆయన చుట్టూ ఉన్నవాళ్లను సాక్ష్యం అడిగాడు. వాళ్లు పొట్టలు పట్టుకుని కూర్చున్నారు. నతానియేల్ సర్దిచెబుతూ, "ఇగ మాట మారుద్దామక్కా. సాయిలన్న పుట్టినప్పటి సంది అనని మాట ఒకటి పెడదాం. థాంక్యూ ఎట్లుంటది?" అన్నాడు. సాయిలు వాడి వీపు మీద స్పానర్‌తో ఒకటి అంటించాడు.

మాట మార్చినా మనిషి మారడని నాకు అర్థమైంది. ఇక వేరే దారి లేక పక్క సీట్లో నేనే కూర్చున్నాను. అక్కడ ఇంకో చిక్కు. ఆ సైలెన్సరు మోతలో నా గొంతు వాడికి వినపడలేదు. నాకే వినపడలేదు. "నువ్వు ఏ మాటైతే గట్టిగ అనగలవో చెప్పక్కా, గదే పెడదాం" అన్నాడు. చాలాసేపు ఆలోచించాను. కాన్వెంట్‌లో పన్నెండేళ్లలో నేను పదిమందిలో నోరు తెరిచి గట్టిగా అన్న మాట ఒక్కటే ఉంది. అదే పెట్టాం. నువ్వు కోప్పడతావని తెలుసు. మాట 'ఆమేన్'.

మొన్న ఆదివారం పొద్దున ఆరున్నరకు పందెం జరిగింది. మాదాపూర్ దాటాక కొండరాళ్ల మధ్య కొత్తగా వేసిన రోడ్డు ఉంది, ఇంకా దీపాలు కూడా పెట్టలేదు. మొదటి ఆరాధన తప్పిపోయింది, రెండోదానికి వెళ్లాం. వేణు పక్కన వాడి స్నేహితుడు సాయిచంద్ కూర్చున్నాడు, బరువు సమానంగా ఉండాలని. రెండు బండ్లూ తన చేతి పనే కనుక సాయిలు మధ్యలో నిలబడి ఎర్ర గుడ్డ దించాడు.

నతానియేల్ క్లచ్ ఆలస్యంగా వదిలాడు. నీలం బండి ఒక బండి పొడుగు ముందుకు పోయింది. నేను మీటరు తప్ప ఏమీ చూడకూడదనుకున్నాను, కానీ దాని వెనక దీపాలు కనపడుతూనే ఉన్నాయి. ఆరు వేల ఆరు వందలు. నోరు తెరిచాను. మాట రాలేదు. ముల్లు ఇంకో వంద ఎక్కింది. అప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో, "ఆమేన్!" అని వచ్చింది. గేరు పడింది. పక్కన వేణు బండి రెండో గేరులో చెవులు పగిలేలా అరుస్తోంది, వాడు వదలడం లేదు. ఆరు వేల రెండు వందలు. ఆమేన్. ఆ అరుపు మెల్లగా నా కిటికీ దగ్గరికి వచ్చింది. తర్వాత కిటికీ దాటి వెనక్కి పోయింది. మూడోసారి నేను ఎంత గట్టిగా అన్నానంటే నతానియేల్ ఉలిక్కిపడి మార్చాడు. చివర పెట్టిన తారు డ్రమ్ము దగ్గరికి మనం అర బండి ముందున్నాం.

కనుక నీ ఎనిమిది ప్రశ్నల్లో ఏడింటికి జవాబు ఇది: కారు ఇంట్లోనే ఉంది. గీత కూడా పడలేదు. వేణు దిగివచ్చి తాళం ముందుకు చాపాడు. నతానియేల్ తీసుకోలేదు. "పోరా, మీ నాయిన సంపుతడు నిన్ను" అన్నాడు. వేణు నా వైపు తిరిగి, "ఆ కాయితమన్న ఇయ్యి అక్కా, నా దాంట్ల గూడ గదే ఇంజన్ గదా" అన్నాడు. జిరాక్స్ తీయించి ఇచ్చాను.

ఎనిమిదో ప్రశ్న మిగిలింది. 'వాడికి ఈ బుద్ధి ఎవరు పుట్టించారు?' అని రాశావు. ఇంతవరకు రాసిన రెండు ఠావులూ దీనికి రావడానికి భయపడి రాసినవే.

పందెం కట్టింది నతానియేల్ కాదమ్మా. నేను.

జనవరిలో ఒక శనివారం షెడ్డులో నా గ్రాఫు కాగితం వేణు లాక్కుని అందరికీ చూపించాడు. "లెక్కలు రాస్తే బండ్లు ఉరుకుతయా? ఈ కాన్వెంట్ పాప గీతలు గీసి గేరేస్తదట!" అన్నాడు. అందరూ నవ్వారు. నతానియేల్ వాడితో కలబడటానికి లేచాడు. నేను కాగితం తీసుకుని, "నాలుగు వందల మీటర్లు. మా కారు పెడతాను. నీది పెట్టు" అన్నాను. అది నీ పేరు మీదున్న కారని, నువ్వు తిరిగొచ్చాక నడుపుకోవాలని కొన్నదని నాకు ఆ క్షణంలో గుర్తులేదు. గుర్తొచ్చాక కూడా మాట వెనక్కి తీసుకోలేదు. తీసుకోవాలంటే మళ్లీ మాట్లాడాలి కదా.

అంతకంటే పెద్ద తప్పు తర్వాత జరిగింది. జయమ్మ ఆంటీ చెప్పిన రోజు అత్త చర్చి నుంచి వచ్చి గుమ్మంలోనే, "ఎవలు కట్టిన్రే పందెం?" అని అరిచింది. నేను బియ్యం ఏరుతున్నాను. నోరు తెరిచాను. నేను ఎంతసేపటికి మాట తెస్తానో వాడికి తెలుసు. "నేనే అత్తా" అన్నాడు. నేను తల వంచి బియ్యం ఏరుతూ ఉండిపోయాను. అప్పటి నుంచి ఈరోజు దాకా ఏరుతూనే ఉన్నాను. నీ ఉత్తరం చదివాక కూడా వాడు, "నువ్వేం రాయకక్కా, అమ్మ దగ్గర నువ్వన్న మంచిదానివి అనిపించుకో" అన్నాడు. నిన్న వాడు లేనప్పుడు చూశాను, పరీక్ష ఫీజు కట్టాల్సిన ఫారం పుస్తకంలో మడిచి పెట్టాడు. నింపలేదు.

వాడిమీద నాకు ఎంత కోపంగా ఉందో చెప్పలేను. నీ మీద, అత్త మీద, జయమ్మ ఆంటీ మీద కూడా. అందరికంటే ఎక్కువ ఎవరి మీదో నీకు తెలుసు.

టికెట్ రద్దు చెయ్యి. ఎవరినైనా శిక్షించాలనుకుంటే నేనున్నాను. అత్తకు ఈ ఉత్తరం ఇప్పుడే చదివి వినిపించాను. తను మధ్యలో ఒక్కసారి కూడా నన్ను ఆపలేదు. అయిపోయాక కళ్లద్దాలు తుడుచుకుని, "ఫారం ఏడుంది? తే" అంది.

ఈ ఉత్తరం పన్నెండో తేదీకల్లా నీకు అందుతుంది. పదమూడు, శనివారం, నీ డ్యూటీ దిగే వేళకు హాస్టల్‌కు ఫోన్ చేస్తాను. అత్త కాదు, నేనే. నీ నిర్ణయం నాకే చెప్పు. ఫోన్ ఎత్తాక అవతలి నుంచి ఏమీ వినపడకపోతే, అది నేనే. పెట్టెయ్యకు.

ఇట్లు,
తప్పు తనదని ఆలస్యంగా రాస్తున్న నీ పెద్దపిల్ల,
ఏంజెల్